ఇంటిలో ఏమున్నది?

పిల్లల సంరక్షణ పనిలో క్రొత్తగా ప్రవేశించు మన యువజనులకును, వారిని పంపు సంఘములకును

ధ్యాన భాగము: 2 రాజులు 4:1–7



మన సంఘములలో పుట్టి పెరిగిన ఆడపిల్లలు చదువు ముగించుకొని ఉద్యోగమునకు వెళ్లునప్పుడు తలిదండ్రులు వారిని ప్రార్థన కొరకు మా యొద్దకు తీసికొనివత్తురు. నర్సు పనికి వెళ్లువారు కొందరు, ఉపాధ్యాయినులుగా వెళ్లువారు కొందరు. ఆ పనులు మనకు తెలిసినవే గనుక ఏమని ప్రార్థింపవలెనో తెలియును. అయితే గడచిన సంవత్సరము ఒక బిడ్డ వేరొక పనికి నియామక పత్రము పట్టుకొని వచ్చినది. జిల్లా బాలల పరిరక్షణ విభాగములో కేసు వర్కరు పని. అది ఏమి పని అని పెద్దలలో ఒకరు అడిగిరి.

“దిక్కులేని పిల్లల సంగతి, ఇబ్బందుల్లో ఉన్న పిల్లల సంగతి విచారించే పని, తాతగారూ” అని ఆమె చెప్పినది.

ఆ పెద్ద మిక్కిలి సంతోషించెను. “మంచి పని తల్లీ! ఆ పేద పిల్లలందరినీ ఆ గుడిసెల్లోంచి తీసి మంచి హాస్టళ్లలో పెట్టించు. దేవుడు నిన్ను దీవిస్తాడు” అనెను. మేమును ఆ మాటనే తీసికొని ప్రార్థించితిమి. అందరును ఆమేన్ అనిరి.

కోత పండుగకు ఆ బిడ్డ ఊరికి వచ్చినది. ఆరాధన ముగిసిన తరువాత మా అరుగుమీద కూర్చుండి కొంతసేపు ఊరకుండి, “అయ్యగారూ, మీరు కోపం చేసుకోనంటే ఒక మాట. ఆ రోజు మీరు చేసిన ప్రార్థన తప్పు” అనెను.

మాకు కోపము రాలేదు గాని మనస్సు చివుక్కుమన్నది. ఎట్లు తప్పో చెప్పుమంటిమి. ఆమె చెప్పిన సంగతియు, దానిని గూర్చి మేము చాల దినములు ఆలోచించిన ఆలోచనయు ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

మొదటి విచారణ

ఆమె పనిలో చేరిన రెండవ వారములో 1098కి ఒక ఫోను వచ్చినది. ఆపదలోనున్న పిల్లల కొరకు ఎవరైనను ఉచితముగా పిలువగల సంఖ్య అది. 1996లో ముంబయి పట్టణములో ఒక ప్రయత్నముగా మొదలై దేశమంతట వ్యాపించినది. ఒక పల్లెలో ఇద్దరు మగపిల్లలు బడికి పోవుట లేదనియు, పెద్దవాడు ఒక మేకల మంద యజమానుని యొద్ద జీతమునకు ఉన్నాడనియు ఫోనుచేసిన వారు చెప్పిరి. ఆమె వెళ్లి చూచినది. తండ్రి చనిపోయెను. అతని వైద్యమునకు చేసిన అప్పు మిగిలినది. ఆ అప్పులో చెల్లువేసికొనునట్లు పదకొండేండ్ల పెద్దవాని మేకల వెంట పంపిరి. ఎనిమిదేండ్ల చిన్నవాడు తల్లి కూలికి పోయిన దినమున ఒంటరిగా ఉండును. ఇల్లు కురియుచున్నది. పొయ్యిలో నిప్పు లేదు.

తల్లి గడపలో నిలిచి, “అమ్మగారూ, నా పిల్లల్ని తీసుకుపోతారా?” అని అడిగినదట.

ఆ రాత్రి మన బిడ్డ నివేదిక వ్రాసినది. ఇంటిలో ఏమియు లేదనియు, తల్లి పిల్లలను పోషింపలేదనియు, ఇద్దరిని బాలసదనమునకు పంపుట మేలనియు వ్రాసినది. ఆ విభాగములో చాల సంవత్సరములు పనిచేసిన ఒక పెద్దామె దానిని చదివి అడిగినది: “ఏమీ లేదని రాశావు, అమ్మాయీ. ఏమున్నాయో చూశావా?”

ఆమె మరునాడు తిరిగి వెళ్లినది. ఈసారి గడపలో నిలువక చాపమీద కూర్చున్నది. తల్లిని “అక్కా” అని పిలిచినది. అప్పుడు కనబడినవి ఇవి: ఎలుకలు కొరకకుండునట్లు చిన్నవాని బడిసంచి దూలమునకు వ్రేలాడగట్టి యున్నది. గూటిలో సీసాలో ఇంత కొబ్బరినూనె ఉన్నది. తల్లి కూలికి పోకముందు చిన్నవానికి తల దువ్వి పంపును, పెద్దవాడు వచ్చిన దినమున వానికిని దువ్వును. రెండు వీధుల అవతల తండ్రి తల్లి ఉన్నది, కోడలితో మాటలు లేవు గాని మనుమలను విడిచి ఉండలేదు. రేషను కార్డు ఉన్నది. మరణ ధ్రువపత్రము తీసికొనలేదు గనుక వితంతు పింఛనుకు దరఖాస్తు పెట్టనేలేదు. ఆ పత్రము ఎక్కడ ఇత్తురో ఆ తల్లికి ఎవరును చెప్పలేదు.

“అయ్యగారూ, ఆ ఇంట్లో అన్నీ ఉన్నాయి. నేనే చూడలేదు. నేను రాసిన కాగితాన్ని అలాగే పంపించి ఉంటే ఆ పిల్లలు ఈపాటికి వాళ్లమ్మకు దూరమయ్యేవాళ్లు. నేనేమో మంచి పని చేశానని నిద్రపోయేదాన్ని” అని ఆమె చెప్పినది.

ఎలీషా అడిగిన ప్రశ్న

ఆమె వెళ్లిన తరువాత మేము రెండవ రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయము తెరచితిమి. మనము అనేకమారులు చదివిన కథయే. ప్రవక్తల శిష్యులలో ఒకని భార్య విధవరాలాయెను. అప్పులవాడు వచ్చి ఆమె యిద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవ నిలిచియున్నాడు. ఆమె ఎలీషాకు మొఱ్ఱపెట్టెను. మనము ఈ కథను నూనె అద్భుతము అని పిలుచుట వాడుక. అయితే నూనె పొంగక ముందు ఎలీషా ఏమి చేసెనో మనము నిదానించి చూడలేదు.

అతడు ఆ పిల్లలను ప్రవక్తల శిష్యుల బసకు తీసికొని పోవుదునని చెప్పలేదు. చెప్పియుండవచ్చును, అక్కడ అన్నమున్నది, ఉపదేశమున్నది. అట్లు చేయక రెండు ప్రశ్నలు అడిగెను. నా వలన నీకు ఏమి కావలెనని మొదటిది. నీ యింటిలో ఏమున్నదని రెండవది. మొదటి ప్రశ్న ఆమెను మనిషిగా నిలువబెట్టినది. ఆమె కొరకు ఏమి చేయవలెనో ఆమెనే అడిగినది. రెండవ ప్రశ్న ఆమె యిల్లు వట్టిది కాదని ముందుగానే నమ్మినది. ఆమెయు మొదట ఏమియు లేదనియే చెప్పినది, అటుపిమ్మట కొంచెము నూనె ఉన్నదనెను. కష్టములోనున్నవారు తమకున్నది తామే మరతురు. అడుగువారు ఓపికతో అడిగినగాని అది వెలుపలికి రాదు.

తరువాత ఎలీషా ఇరుగుపొరుగువారి పాత్రలు ఎరవు తెచ్చుకొనుమనెను. తలుపు మూసికొనుమనెను. కుమారులు పాత్రలు అందించుచుండగా తల్లి నూనె పోసినది. ఆ పిల్లలు తమ విడుదలలో తామే పనిచేసిరి. పని ముగిసిన తరువాత ఆమె తిరిగి అతని యొద్దకు రాగా, నూనె అమ్మి అప్పు తీర్చి మిగిలినదానితో నీవును నీ పిల్లలును బ్రదుకుడని చెప్పెను. కాబట్టి ఆ ఒక్క దినపు ఆకలిని మాత్రమే గాక అప్పును, అప్పు తీరిన తరువాతి బ్రదుకును కూడ అతడు తలపోసెను.

నేటి సంక్షేమ శాస్త్రము చెప్పుమాటలు ఇందులో ఎన్ని లేవు! 2015వ సంవత్సరపు బాలల న్యాయ చట్టము 3వ సెక్షనులో కొన్ని మూలసూత్రములు వ్రాయబడినవి. బిడ్డను పెంచు మొదటి బాధ్యత కుటుంబముదే అనునది ఒకటి. బిడ్డను సంస్థలో ఉంచుట కట్టకడపటి మార్గముగా మాత్రమే ఉండవలెననునది మరియొకటి. తన్ను గూర్చిన తీర్మానములో బిడ్డ మాటను వినవలెననునది ఇంకొకటి. 2009లో ఐక్యరాజ్య సమితి సాధారణ సభ అంగీకరించిన మార్గదర్శక సూత్రములలో, పేదరికము ఒక్కటే బిడ్డను తలిదండ్రుల నుండి వేరుచేయుటకు కారణము కాకూడదని స్పష్టముగా ఉన్నది. ఆ పేదరికము ఆ కుటుంబమునకు సహాయము చేయవలెనను గురుతుగా ఎంచబడవలెను.

మోషే సంగతియు అట్టిదే. ఫరో కుమార్తె ఆ బిడ్డను నీటి యొద్ద కనుగొనినప్పుడు, ఎరుగకయే గాని, వాని కన్నతల్లినే పిలిపించి, పాలిచ్చి పెంచుటకు జీతమిచ్చెను (నిర్గమ 2). తన బిడ్డను తానే పెంచుకొనుటకు తల్లికి సొమ్ము ముట్టినది! 2022లో వెలువడిన మిషన్ వాత్సల్య నియమములలో, విధవరాండ్ర పిల్లలు మొదలైన కష్టములోనున్న పిల్లలు తమ యింటనే పెరుగుటకు బిడ్డ ఒకరికి నెలకు 4,000 రూపాయల సహాయము ఏర్పరచిరి. మన ఊళ్లలో దీనిని ఎరిగినవారు ఎందరు? ఆ రెండవ దర్శనమునకు తరువాత మన బిడ్డ వ్రాసిన నివేదికలో ఈ సహాయము, వితంతు పింఛను, నాయనమ్మ తోడు అను మూడింటిని కోరినది. పెద్దవాని సంగతి రెవెన్యూ అధికారులకు తెలియజేసినది. అప్పు కొరకు మనిషిని కట్టుపనిలో పెట్టుకొనుట 1976వ సంవత్సరపు చట్టము ప్రకారము నేరము. అట్టి అప్పు చెల్లదు. పదునాలుగేండ్లలోపు బిడ్డను జీతమునకు పెట్టుకొనుటయు నేరమే.

అన్నియు చక్కబడినవని మీరు తలంపవద్దు. సహాయపు సొమ్ము ఆలస్యముగా వచ్చినది. పెద్దవాడు రెండుమారులు బడి విడిచి మేకల యొద్దకు పారిపోయెను. అవి తన్ను ఎరుగునని చెప్పెనట. జీతము పోయినదని తల్లి కొన్నాళ్లు మన బిడ్డతో మాటలాడలేదు. అయినను ఆ ఇద్దరు రాత్రివేళ ఒకే చాపమీద, తల్లికి చెరియొక ప్రక్క పండుకొనుచున్నారు.

లేమి వేరు, హాని వేరు

ఇంతవరకు విని, “అట్లయితే బిడ్డను ఎన్నడును ఇంటినుండి తీయకూడదా?” అని మీరు అడుగవచ్చును. మేమును అడిగితిమి. ఆ బిడ్డ ముఖము మారినది. మరియొక యింటిని గూర్చి కొద్ది మాటలు మాత్రమే చెప్పినది. ఆ యింటిలో బియ్యమున్నది, మంచి కప్పు ఉన్నది, గోడమీద పటముకట్టిన వాక్యముకూడ ఉన్నది. అయినను ఆ ఆడబిడ్డను ఆ రాత్రియే వెలుపలికి తీసికొని రావలసి వచ్చినది. మరునాడు కొందరు పెద్దలు కార్యాలయమునకు వచ్చి, సంఘమునకు చెడ్డపేరు వచ్చును గనుక లోలోపల సర్దుబాటు చేసికొందుమని బ్రతిమాలిరట. ఏ ఊరో ఆమె చెప్పలేదు, మేము అడుగలేదు.

లేమి వేరు, హాని వేరు. గంజి లేకపోవుట లేమి. కొట్టి వాతలు పెట్టుట, చీకటిలో చెరుపుట, పదునెనిమిదేండ్లు నిండకముందే ఆడపిల్లకు పెండ్లి చేయుట హాని. లేమి ఉన్నచోట పాత్రలు తీసికొని పోవలెను. హాని ఉన్నచోట తలుపు తీయించి బిడ్డను వెలుపలికి తేవలెను. అక్కడ ఓపిక పట్టుట ప్రేమ కాదు, బిడ్డను అప్పగించుటయే. లైంగిక హాని తెలిసినవారు దానిని పోలీసులకు తెలియజేయవలెనని 2012వ సంవత్సరపు పోక్సో చట్టము విధించుచున్నది. కాపరియైనను పెద్దయైనను బంధువైనను దీనికి మినహాయింపు లేదు. సంఘము పేరు కాపాడుకొనుటకు బిడ్డను మూల్యముగా చెల్లించు సంఘమునకు ఇక కాపాడుకొనదగిన పేరేమి మిగులును?

ఈ పని ఎట్లు మొదలాయెనో జ్ఞాపకము చేసికొందము. 1870లలో న్యూయార్కు పట్టణపు పేటలలో ఎట్టా వీలర్ అను స్త్రీ మెథడిస్టు మిషను తరపున ఇండ్లు దర్శించుచుండెను. ప్రక్క గదిలో ఒక పసిదాని ఏడ్పు దినదినము వినబడుచున్నదని పొరుగువారు ఆమెతో చెప్పిరి. ఆమె ఆ గది తలుపు తట్టెను. ఆ భవనములోనే మంచముపట్టిన ఒక రోగికి కొంచెము సాయము కావలెనను నెపముతో మాటలాడుచు, గాయములతోను చాలీచాలని బట్టతోను పాత్రలు తోముచున్న పిల్లను కన్నులార చూచెను. ఆ పిల్ల పేరు మేరీ ఎల్లెన్. పసితనములోనే ధర్మాదాయ కార్యాలయమువారు ఆమెను పరాయివారికి అప్పగించి, తరువాత ఆమె స్థితిని సరిగా కనుగొనలేదు. వీలరమ్మ అనేకుల చుట్టు తిరిగినను ఎవరును ముందుకు రాలేదు. కడకు జంతువులపై క్రూరత్వమును నివారించు సంఘమును స్థాపించిన హెన్రీ బెర్గ్ యొద్దకు వెళ్లెను. 1874లో న్యాయస్థానము ఆ పిల్లను విడిపించి, హింసించిన స్త్రీకి ఒక సంవత్సరము శిక్ష విధించెను. ఆ సంగతి వలననే పిల్లల రక్షణ కొరకు ప్రత్యేకమైన సంఘము ఆ పట్టణములో ఏర్పడెను.

ఇక్కడ గమనింపవలసినది మరియొకటి ఉన్నది. విడిపించిన తరువాత ఆ పిల్లను ఒక సంస్థలో పెట్టిరి. వీలరమ్మకు అది చాలదని తోచినది. తన తల్లి యింటికి, పల్లెసీమకు పంపించెను. తల్లి మరణించిన పిమ్మట ఆమె సహోదరి పెంచెను. మేరీ ఎల్లెన్ పెరిగి పెండ్లాడి, తన కుమార్తెలలో ఒకతెకు ఎట్టా అని పేరు పెట్టుకొని, 1956 వరకు బ్రదికెను. వీలరమ్మ ఆ పిల్లను ఒక యింటినుండి తీసినది, మరియొక యింటిలో నాటినది. తీయుట సగము పని మాత్రమే.

మన పితరుల దృష్టాంతము

బోర్డింగులను తక్కువచేసి మాటలాడుచున్నామని ఎవరును నొచ్చుకొనవద్దు. మనలో అనేకుల తాతలు మిషను బోర్డింగులలో అన్నము తిని అక్షరములు నేర్చినవారే. ఆ ఉపకారమును మరచువారము కాము. చదువు కొరకు తలిదండ్రులు మనసార పంపి, సెలవులకు ఇంటికి వచ్చు బిడ్డ సంగతి వేరు. తల్లి పేదది గనుక తల్లి కాదని తీర్పుతీర్చి తీసికొనిపోవుట వేరు.

1876 మొదలు 1878 వరకు వచ్చిన గొప్ప కరువును మన పెద్దలు ధాత కరువు అనిరి. ఆ కాలమున ఒంగోలులో క్లౌ దొరగారు ఏమి చేసిరో మీరు వినియుందురు. బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంత భాగమును తాము కంట్రాక్టుకు తీసికొని, ఆకలితోనున్న జనులకు పని చూపించి కూలి ఇప్పించిరి. తలిదండ్రుల చేతికి కూలి వచ్చినప్పుడు బిడ్డ తలిదండ్రుల యొద్దనే మిగిలెను. అనాథలను చేర్చుకొనుట ధర్మమే. బిడ్డ అనాథ కాకుండ చేయుట అంతకంటె ముందటి ధర్మము.

ఈ పని మొదలుపెట్టు బిడ్డలకు

మీరు ఒక యింటి గడప దాటునప్పుడు, ఒకరి సంసారమును గూర్చి తీర్పుచెప్పు అధికారము మీకు ఎక్కడిదని మీ మనస్సు మిమ్మును అడుగును. అడుగవలెను. మీరు ఆ తల్లికంటె మంచివారు గనుక కాదు. బిడ్డ ఎవరికిని సొత్తు కాదు గనుకనే. నూట ఇరువదియేడవ కీర్తన బిడ్డలను దేవుడిచ్చు వరముగా ఎంచుచున్నది. వరముగా వచ్చినదానిని కన్నవారు తమ యిష్టము వచ్చినట్లు చేయరాదు, ప్రభుత్వమును చేయరాదు, మీరును చేయరాదు. అందరును ఆ బిడ్డ విషయమై లెక్క అప్పగింపవలసినవారే. ఈ భయము మీలో ఉన్నంతకాలము మీరు ఆ పనికి తగుదురు.

మొదట, ఒక్క దర్శనముతో నివేదిక వ్రాయవద్దు. ఆదరువు అవసరమైన బిడ్డను, ప్రయాణపు కాలము గాక, 24 గంటలలోగా బాలల సంక్షేమ సమితి యెదుట నిలువబెట్టవలెను. సమితిలో అధ్యక్షులును నలుగురు సభ్యులును ఉందురు. వారు మీ కాగితము చూచి తీర్మానింతురు. సామాజిక విచారణకు చట్టమిచ్చు గడువు 15 దినములు. ఒక బ్రదుకును గ్రహించుటకు అది ఎంత కొద్ది కాలము! ఆ దినములలో ఒక్కటియు వ్యర్థపుచ్చవద్దు. చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు వ్రాయుడి. మీ ఊహను చూచినదానితో కలిపి వ్రాయవద్దు. “తల్లి నిర్లక్ష్యము గలది” అని వ్రాయుట సులువు. “తల్లి ఉదయము అయిదు గంటలకు కూలికి పోయి సాయంకాలము వచ్చుచున్నది” అని వ్రాయుటకు కూర్చుండి అడుగవలెను.

రెండవది, బిడ్డతో వాని యెత్తునకు వంగి, వేరుగా మాటలాడుడి. నీ చేతిలో లేనిదానిని వానికి మాట ఇయ్యవద్దు. “మీ అమ్మ రేపు వస్తుంది” అని చెప్పి, ఆమె రాకపోయినయెడల, వాడు ఇక పెద్దల మాటను నమ్మడు. ఆదివారము వత్తునని చెప్పితివా, వాన వచ్చినను వెళ్లుము.

మూడవది, తలుపు మూయుడి. ఎలీషా ఆ తల్లిని తలుపు మూసికొనుమనెను. ఆమె కష్టము ఊరివారికి వేడుక కాలేదు. విచారణలోనున్న బిడ్డ పేరు, ముఖము, ఊరు బయటపెట్టుటను చట్టము నిషేధించినది. సాక్ష్యము చెప్పుకొనుటకైనను, ప్రార్థన విన్నపముగానైనను ఆ పేరును మా యొద్దకు తేవద్దు. పేరు లేకయే ప్రార్థింతుము, దేవుడు ఎరుగును.

నాలుగవది, మీ చేతిలోని అధికారము ప్రభుత్వమిచ్చినది. అది ఏ మతమువారి బిడ్డకైనను సమానముగా చెందినది. దిక్కుతోచని తల్లి యెదుట ఆ అధికారముతో మన మతమును ముందుకు నెట్టుట సువార్త కాదు, నమ్మకద్రోహము.

అయిదవది, మీరు అలసిపోవుదురు. ఈ ఉద్యోగములు ఎక్కువగా కాంట్రాక్టు ఉద్యోగములు; జీతము కొంచెము, దారి దూరము, పిలుపు రాత్రివేళ. బిడ్డను తీసికొనివచ్చితిరా, కఠినులందురు. ఇంటనే ఉంచితిరా, అశ్రద్ధగలవారందురు. కొన్నిమారులు మీరు నిజముగానే పొరబడుదురు. మోషే ఉదయము మొదలు సాయంకాలము వరకు ఒంటరిగా న్యాయము తీర్చుచుండగా అతని మామ చూచి, నీవును నలిగిపోవుదువు, జనులును నలిగిపోవుదురని చెప్పి భారము పంచుకొనజేసెను (నిర్గమ 18). పొరబాటును మీ పైవారితో దాచక చెప్పుకొనుడి. “ఏమున్నాయో చూశావా?” అని అడుగు పెద్దామె ఒకరు మీకు దొరికినయెడల ఆమెను విడువవద్దు. మా బిడ్డకు దొరికిన ఆమె మన సంఘస్థురాలు కాదు. అయినను ఎలీషా ప్రశ్నను ఆమె నోటనే దేవుడు పలికించెనని మేము నమ్ముచున్నాము.

పాత్రలు ఎవరివి?

ఇక సంఘములారా, మన వంతునకు వచ్చితిమి. ఆ విధవరాలి యింట నూనె ఎప్పుడు నిలిచినది? పాత్రలు అయిపోయినప్పుడు. దేవుని చేతిలో నూనె తక్కువ కాలేదు. ఇరుగుపొరుగువారు ఇచ్చిన పాత్రల కొలది నూనె వచ్చినది. వారు ఇచ్చినవి వట్టి పాత్రలే. వెండి ఇయ్యలేదు, బంగారము ఇయ్యలేదు. తమ యింట మూల పడియున్న కుండను ఎరవిచ్చిరి.

మన యొద్దనున్న వట్టి పాత్రలు ఏవి? కూలికి పోవు తల్లి బిడ్డను సాయంకాలము వరకు చూచుకొను ఒక అవ్వ అరుగు ఒక పాత్ర. మరణ ధ్రువపత్రము కొరకు ఆ విధవరాలితో కూడ మండలమునకు వెళ్లివచ్చు ఒక చదువుకున్న యువకుని దినము ఒక పాత్ర. మాటలు లేని అత్తాకోడండ్ర నడుమ కూర్చుండగల పెద్దమనిషి మాట ఒక పాత్ర. ఆపద కనబడినప్పుడు, నాకెందుకు అనుకొనక, 1098కి ఫోను చేయు ధైర్యము ఒక పాత్ర. కేసు వర్కరు నెలకు ఒకమారు వచ్చును. పొరుగువారు దినమంతయు అక్కడనే ఉందురు. ఆ రెండు వీధుల నడుమ మనము ఉండియు, ఆ తల్లికి పింఛను సంగతి చెప్పనివారము మనమే గదా!

ఈ మాట వ్రాయుచుండగా మేము చేసిన ప్రార్థన మరల జ్ఞాపకమునకు వచ్చి సిగ్గుపడితిమి. పేద పిల్లలను గుడిసెలనుండి తీయుమని దేవుని అడిగితిమి. గుడిసెలోనున్న తల్లిని ఒక్కమారైనను తలంపలేదు. మన కనికరములో తరచుగా ఈ లోపమున్నది: బిడ్డమీద జాలిపడుచు, అదే ఊపిరితో తల్లిని తృణీకరింతుము.

కోత పండుగ మరునాడు ఆ బిడ్డ తిరిగి పనికి బయలుదేరినది. బస్సు ఎక్కకముందు ప్రార్థనకు వచ్చినది. ఈసారి ఏమని ప్రార్థింపవలెనని ఆమెనే అడిగితిమి. కొంచెము ఆలోచించి ఆమె ఇట్లు చెప్పినది: “నేను వెళ్లే ఇంట్లో ఏముందో నాకు కనపడేటట్టు ప్రార్థించండి అయ్యగారూ. ప్రమాదం ఉంటే అదీ కనపడాలి. నూనె ఉంటే అదీ కనపడాలి.”

మేము అట్లే ప్రార్థించితిమి. ఆమెతోకూడ మీరును ఆమేన్ చెప్పుడి.

గృహకూటములలో ఆలోచించుటకు

1. మన వీధిలో లేమి వలన బడి మానిన బిడ్డ ఉన్నదా? ఆ యింటిలో ఏమున్నదో మనము ఎన్నడైనను అడిగితిమా?

2. హాని జరుగుచున్నదని ఎరిగియు, పరువు కొరకు మనము ఊరకున్న సందర్భము ఉన్నదా? ఇప్పుడు ఏమి చేయవలెను?

3. ఈ నెలలో మన కూటము ఎరవియ్యగల వట్టి పాత్ర ఏది?